డిస్టోపియా నవలను దైవశాస్త్రం కళ్లతో చదవడం ఎలా?

డిస్టోపియా అంటే మనుషుల్ని అణిచేసే పీడకల లాంటి ఊహాలోకం. అలాంటి కథను ముందు కథగానే చదివేయండి. పెన్సిలూ బైబిలూ రెండో విడతకి. మొదటి పేజీ నుంచే ప్రతీకల వేటలో పడితే భయం తప్పించుకుపోతుంది. భయపెట్టని డిస్టోపియాలో దైవశాస్త్రానికీ పని ఉండదు.

ఇలా చదవడానికి భక్తులే కానక్కర్లేదు. మనిషంటే ఎవరు, ఏది పాపం, విడుదల ఎక్కణ్ణుంచి వస్తుంది అన్న మూడు ప్రశ్నలు చేతిలో ఉంటే చాలు. ఇక్కడ చెప్పుకునే నవలలు ఎక్కువగా బైబిలుతో మాట్లాడతాయి, కాబట్టి నేనూ దాన్నే పక్కన పెట్టుకున్నాను.

1. దేవుడి పీఠం మీద ఎవరు కూర్చున్నారో చూడండి

పీఠం ఖాళీగా ఉండటం అరుదు. 1932లో వచ్చిన హక్స్‌లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో దేవుణ్ణి తీసేశారు, కానీ మతాన్ని తీసేయలేకపోయారు. ఏళ్లను కార్ల తయారీదారు హెన్రీ ఫోర్డ్ పేరుతో లెక్కపెడతారు. శిలువల పైకొమ్ము కోసేసి మోడల్ టీ కారుకి గుర్తుగా ‘టీ’ అక్షరాలు చేశారు. పన్నెండుమంది బల్ల చుట్టూ చేరి సోమా మత్తును పంచుకుంటారు. ఆ పన్నెండు అన్న లెక్క ఏసు శిష్యులదే.

ఆర్వెల్ ‘1984’ (1949)లో ఇది ఇంకా లోతుకి దిగుతుంది. పాలక పార్టీ మనిషి ఓబ్రయన్‌కి తన చేతికి చిక్కిన తిరుగుబాటుదారు విన్‌స్టన్ చావు ఒక్కటే సరిపోదు, అతని మారుమనస్సు కావాలి. ఒప్పుకోలు, శిక్ష, చివరికి ప్రేమ: అన్నీ ఉన్నాయి, క్షమాపణ తప్ప. చదువుతున్న నవలలో పాపాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారు, క్షమించే అధికారం ఎవరికైనా ఉందా అని మార్జిన్‌లో రాసుకోండి.

2. పేర్లు గమనించండి

రష్యన్ రచయిత జమ్యాటిన్ నవల ‘వి’ (‘మేము’)లో కథ చెప్పే మనిషి పేరు డీ-503. బైబిల్లోని యెషయా గ్రంథం 43వ అధ్యాయంలో దేవుడు పేరు పెట్టి పిలుస్తాడు. ఇక్కడ రాజ్యం నంబరు వేసి పిలుస్తుంది.

3. లేఖనం ఎవరి నోట వినిపిస్తోందో వెతకండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇదే. మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985) తీసుకోండి. శిక్షణ కేంద్రంలో ఆడవాళ్లకి భోజనం వేళ ఏసు కొండమీది ప్రసంగంలోని ధన్యవచనాలు రికార్డు పెట్టి వినిపిస్తారు. వాటి మధ్యలో ‘మౌనంగా ఉండేవారు ధన్యులు’ అని ఒకటి దూరుతుంది. అది కల్పించిందని కథానాయికకి తెలుసు. కానీ ఆమెకి చదివే హక్కు లేదు, ఎలా సరిచూసుకుంటుంది? మీ చేతిలో పుస్తకం ఉంది కదా, మత్తయి 5 తెరిచి ఆమె బదులు మీరు సరిచూడండి.

తర్వాత ఆదికాండము 30కి వెళ్లండి. రాహేలు తన దాసి బిల్హాను భర్తకిచ్చి ఆమె ద్వారా పిల్లలు కావాలంటుంది. పిల్లల కోసం ఆడవాళ్లని దాసీలుగా పంచే, ఈ నవలలోని గిలియడ్ రాజ్యపు చట్టానికి ఆధారం ఇదే. అయితే బైబిలు ఆ దాసి పేరు దాచలేదు. గిలియడ్ మాత్రం కథానాయిక పేరు కొట్టేసి, యజమాని ఫ్రెడ్‌కి చెందినదన్న అర్థంలో ‘ఆఫ్రెడ్’ అంటుంది. ఇంకా వెనక్కి, 16వ అధ్యాయానికి రండి. పారిపోయిన మరో దాసి హాగరు ఎడారిలో దేవుడికి ‘చూచుచున్న దేవుడవు’ అని పేరు పెడుతుంది. ఆ చూపులో జాలి ఉంది. గిలియడ్‌లోనూ ‘ఆయన కంటి కింద’ అని చెప్పుకునే విడిపోతారు, కానీ అక్కడ ‘కళ్లు’ అంటే రహస్య పోలీసులు. ఒకే మాట, ఒకచోట ఓదార్పు, ఒకచోట వణుకు. పాలకులు ఏ వచనం ఎంచుకున్నారన్నదే కాదు, పక్కనున్న ఏ వచనాన్ని దాటేశారో కూడా చూడాలి.

అందుకే ఈ నవల మతాన్ని తిడుతోందని తేల్చేసి మూసేయకండి. గిలియడ్ వేటాడేవాళ్లలో క్వేకర్లూ బాప్టిస్టులూ అనే క్రైస్తవ శాఖలవాళ్లూ ఉన్నారు.

4. క్రీస్తు పోలికల కోసం తొందరపడకండి

త్యాగం చేసిన ప్రతి పాత్రకీ శిలువ తగిలించడం నేనూ చాలాకాలం చేసిన తప్పే. దానివల్ల పాత్ర పోతుంది, శిలువా పలచబడుతుంది. దాని బదులు కృప, అంటే అర్హత చూడకుండా ఉచితంగా దొరికే దయ, ఎక్కడుందో చూడండి. ‘ది హంగర్ గేమ్స్’ (2008)లో పనెమ్ అన్న దేశం పేరుకి లాటిన్‌లో రొట్టె అని అర్థం. జనానికి రొట్టె, వినోదం పడేస్తే చాలన్న రోమన్ కవి జువెనల్ ఎత్తిపొడుపు నుంచి వచ్చింది. అదే కథలో రొట్టెల దుకాణం కుర్రాడు పీటా కావాలని రొట్టె మాడ్చి, తల్లి చేత దెబ్బ తిని, వానలో ఆకలితో ఉన్న కథానాయిక కాట్నిస్‌కి విసురుతాడు. ఆమెకి కృతజ్ఞత కన్నా ముందు చిరాకు: ఈ బాకీ ఎలా తీర్చాలి? ఉచితంగా దొరికినదాన్ని అప్పుగా తప్ప లెక్కించలేని మనసు అది. కృప గురించి మాట్లాడాలంటే ఈ చిరాకు దగ్గర మొదలుపెట్టండి.

5. నవలనీ ఎదురు ప్రశ్న అడగనివ్వండి

అధికారాలు దేవుడు నియమించినవని రోమా పత్రిక 13 అంటుంది. ప్రకటన గ్రంథం 13లో అదే అధికారం మృగంగా లేస్తుంది, దాని ముద్ర లేనివాడు కొనలేడు, అమ్మలేడు. నవల అయ్యాక రెండూ ఒకే విడతలో చదవండి.

ఆక్టేవియా బట్లర్ ‘పేరబుల్ ఆఫ్ ది సోవర్’ (1993)లో పాస్టరు కూతురు తండ్రి దేవుణ్ణి వదిలేసి, మార్పే దేవుడంటుంది. ఆమెను దిద్దాలని తొందరపడొద్దు. రక్షణగా కట్టుకున్న గోడలే కాలిపోయే ఆ లోకంలో తండ్రి విశ్వాసం ఆమెకి ఎందుకు చాల్లేదో ముందు వినండి. అయినా నవల ముగిసేది లూకా 8లోని విత్తువాని ఉపమానంతోనే. ఆ ఉపమానం అక్కడ ఎందుకుందో మీకు తోచింది ఆ పేజీ అంచునే రాసుకోండి.