రిటైరయ్యాక ఆర్‌వీలోనే కాపురం: అమెరికాలోని తెలుగు దంపతులకు లెక్కలు, జాగ్రత్తలు

ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టకముందే ఒక ఆర్‌వీని (వంటగది, మంచం, టాయిలెట్ ఉన్న చక్రాల ఇంటిని) రెండు వారాలు అద్దెకు తీసుకోండి. ఎండ హాయిగా కాసే రోజుల్లో కాదు, వాన ముసురు పట్టే వారమో, రాత్రిళ్లు గడ్డకట్టే చలి ఉండే వారమో చూసుకుని. ఇద్దరు మనుషులు, ఒకటే గది, ఒకటే తలుపు, బయట వాన. అందులో మూడు పూటలా వండుకు తిని, పదిహేనో రోజున కూడా ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉంటే అప్పుడు ఇంటి సంగతి ఆలోచించవచ్చు.

ఇంట్లో ట్యాప్ తిప్పితే నీళ్లు, స్విచ్ వేస్తే కరెంటు. ఎంత వాడారో నెలాఖరు బిల్లు వచ్చేదాకా పట్టదు. ఆర్‌వీలో బరువు, నీళ్లు, కరెంటు, మురుగు అన్నీ కొలతకే. ఆ నాలుగు అంకెలూ దంపతులిద్దరికీ నోటికి రావాలి.

ఏ బండి?

బస్సులా ఉండేది క్లాస్ ఏ, వ్యాన్‌లో అమర్చింది క్లాస్ బీ, డ్రైవరు తల మీదుగా మంచం ముందుకు పొడుచుకొచ్చేది క్లాస్ సీ. ఇంజన్ లేకుండా లాక్కెళ్లేవి రెండు రకాలు: కారుకో పికప్‌కో వెనక తగిలించే ట్రావెల్ ట్రైలర్, పికప్ ట్రక్కు తొట్టిలోనే బరువు మోపే ఫిఫ్త్ వీల్.

డల్లాస్‌లో కొడుకు దగ్గర రెండు నెలలు, న్యూజెర్సీలో కూతురి దగ్గర రెండు నెలలు, చలికాలం ఆరిజోనాలో అనుకునేవారికి ఫిఫ్త్ వీల్ గానీ ట్రైలర్ గానీ నయం. ఆర్‌వీ పార్కులో దాన్ని విడదీసి ఉంచితే ట్రక్కు కారులా పనికొస్తుంది. ఇంజన్ పాడైనా మెకానిక్ షెడ్డుకు వెళ్లేది ట్రక్కే, మీ ఇల్లు కాదు. నాలుగు రోజులకో ఊరు మారేవారికి మాత్రం 25 నుంచి 30 అడుగుల క్లాస్ సీ సుఖం. 40 అడుగుల బండి షోరూంలో ఎంత ముద్దొచ్చినా, నేషనల్ పార్కుల్లోని పాత క్యాంప్‌గ్రౌండ్లలో చాలా చోట్ల పట్టదు. గ్లేసియర్ పార్కులోని గోయింగ్ టు ద సన్ రోడ్డు కొండ భాగంలోకి 21 అడుగుల పొడవు గానీ, 8 అడుగుల వెడల్పు గానీ దాటిన ఏ బండినీ రానివ్వరు. అలాంటిచోట చిన్న కారు వేరే ఉండాల్సిందే.

ఏది కొన్నా ఇద్దరూ నడపగలగాలి. ఒకరే డ్రైవరైతే, ఆ ఒకరికి జ్వరమొచ్చిన రోజున ఇల్లు నడిరోడ్డున ఆగుతుంది.

బరువు

మోటర్‌హోమ్ (ఇంజన్ ఉన్న ఆర్‌వీ) తలుపు దగ్గర స్టిక్కర్ మీద, మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు దాటకూడదో రాసి ఉంటుంది. కొనేముందు అన్నిటికన్నా ముందు చదవాల్సింది అదే. అక్కడ 1,400 అని ఉందనుకోండి. దంపతులిద్దరూ 320. నీళ్లు గ్యాలన్‌కు 8.34 పౌండ్లు కాబట్టి 40 గ్యాలన్ల ట్యాంకు నిండితే 334. ఇక మిగిలింది 746. బట్టలు, గిన్నెలు, పనిముట్లు, కుర్చీలు, మందులు, 20 పౌండ్ల సోనా మసూరి బస్తా, గ్రైండరు, వెనక కారు కట్టుకుంటే అది హిచ్ మీద మోపే భారం, అన్నీ అందులోనే. ఈ లెక్క వేయకుండా కొన్న బండి చాలాసార్లు మొదటి ప్రయాణానికే హద్దు దాటి ఉంటుంది.

అందుకే సామానంతా సర్ది, ట్యాంకులు నింపి, ట్రక్ స్టాపుల్లో లారీలను తూచే క్యాట్ కాటా మీదికి ఎక్కించండి. ఏ ఇరుసు మీద ఎంత బరువుందో చీటీ ఇస్తారు. టైరు కంపెనీ పట్టికలో ఆ బరువుకు ఎంత గాలి ఉండాలో చూసి, అంతే పెట్టండి.

ఆర్‌వీ టైర్లు అరగడం కన్నా ఎండకు ఎండే ఎక్కువగా పాడవుతాయి. టైరు పక్కన డాట్ (DOT) కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. గాడులు కొత్తగా కనిపించినా ఆరేళ్లు దాటాక నమ్మకూడదు. ట్రైలర్ టైర్లలో చాలావాటికి వేగం హద్దు 65 మైళ్లు. టైరు పేలితే నష్టం దానితో పోదు, పైనున్న గొట్టాలనూ వైర్లనూ చీల్చుకుపోతుంది.

కరెంటు

30 ఆంపుల కనెక్షన్ అంటే 120 వోల్టుల మీద 3,600 వాట్లు. 50 ఆంపులది దానికి రెట్టింపు కన్నా తక్కువేననుకుంటారు. అందులో రెండు లైన్లు వస్తాయి గనుక మొత్తం 12,000 వాట్లు. 30 ఆంపుల బండిలో ఏసీ సుమారు 13 ఆంపులు, వాటర్ హీటర్ కరెంటు మీద 12, ఆరు క్వార్టుల ఇన్‌స్టంట్ పాట్ 8 పైన. మూడూ కలిస్తే 33, బ్రేకర్ పడిపోతుంది. వంట చేసేటప్పుడు హీటర్‌ను ప్రొపేన్ మీదికి మార్చేస్తే సరి. ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీ ఇక్కడ తిరగదు, 110 వోల్టుల రకమే కొనాలి.

ఎండాకాలం మధ్యాహ్నం పార్కులో అందరూ ఏసీలు వేస్తే వోల్టేజీ పడిపోతుంది. తక్కువ వోల్టేజీ మీద గుంజుకుని కంప్రెసర్ కాలిపోతుంది. 104 వోల్టుల దగ్గర తనంతట తానే కరెంటు ఆపేసే ఈఎంఎస్ పరికరం ఉంటే ఆ బెడద ఉండదు. వట్టి సర్జ్ ప్రొటెక్టర్ ఈ పని చేయదు. ప్లగ్ పెట్టేముందూ తీసేముందూ స్తంభం మీది బ్రేకర్ ఆఫ్‌లో ఉండాలి.

సోలార్ మీద ఆశలు కొంచెం తగ్గించుకోండి. 100 ఆంప్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది దాదాపు 1,280 వాట్ అవర్లు. ఏసీ దాన్ని గంటలోపే తాగేస్తుంది. లైట్లకూ ఫ్యాన్లకూ నీళ్ల పంపుకూ మాత్రం బ్రహ్మాండంగా సరిపోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే మీదని లెక్క. లిథియంను 32 ఫారన్‌హీట్ కన్నా తక్కువ చలిలో చార్జ్ చేస్తే పాడవుతుంది.

నీళ్లు, మురుగు

పార్కు కుళాయికి నేరుగా పైపు తగిలించకండి. మధ్యలో ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టి 45, 50 పీఎస్ఐ దగ్గర ఉంచండి. కొన్ని ఊళ్ల కుళాయిల ఒత్తిడికి ఆర్‌వీ పైపుల అతుకులు ఊడిపోతాయి, అది గోడ లోపల జరిగి వారం తర్వాత తెలుస్తుంది. తాగే నీళ్ల పైపు వేరు, మురుగు పైపు కడిగేది వేరు. రెండూ ఒకే పెట్టెలో పెట్టకూడదు.

టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, సింకుదీ షవర్‌దీ గ్రే ట్యాంకు. మురుగు కనెక్షన్ ఉందికదా అని బ్లాక్ వాల్వు తెరిచి వదిలేయడం కొత్తవారందరూ చేసే తప్పు. నీళ్లు జారిపోతాయి, గట్టిది అడుగున గోపురంలా పేరుకుని ఎండుతుంది. దాన్ని తీయించడం డబ్బుతో కూడిన, వాసనతో కూడిన పని. వాల్వు మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాక ఇలా ఖాళీ చేయండి:

1. గ్లవ్స్ వేసుకుని, పారదర్శకమైన మోచేతి గొట్టం ఉన్న పైపును ముందు డంప్ స్టేషన్ (మురుగు వదిలే చోటు) రంధ్రంలో బిగించి, తర్వాత బండికి తగిలించండి.
2. మొదట బ్లాక్ వాల్వు లాగండి. ప్రవాహం ఆగాక లోపల నీళ్లు పోసి, గొట్టంలో తేటగా కనిపించేదాకా కడిగి, మూసేయండి.
3. ఇప్పుడు గ్రే వాల్వు లాగండి. సబ్బు నీళ్లతో పైపు తనే కడుక్కుంటుంది. ఈ వరుస తిరగేస్తే పైపు కంపుతో ఇంటికి వస్తుంది.
4. రెండూ మూసి, పైపు కడిగి పెట్టేశాక, టాయిలెట్‌లో మూడు నాలుగు గ్యాలన్ల నీళ్లు, వాసన పోయే మందు పోయండి. అడుగు ఎప్పుడూ తడిగా ఉండాలి.

బ్లాక్ ట్యాంకు మీటరు మాట నమ్మకండి. కాగితం సెన్సర్‌కు అంటుకుంటే ఖాళీ ట్యాంకును కూడా నిండిందని చూపిస్తుంది.

మన వంట

ఆర్‌వీని తయారుచేసినవాడు సాండ్‌విచ్ తినే కుటుంబాన్ని ఊహించుకుని చేశాడు. మన వంట అంటే పోపు, ఆవిరి, గంజి, నూనె. నాలుగూ ఆ డబ్బాకు శత్రువులే.

గంజి, బియ్యం కడిగిన నీళ్లు, పప్పు మడ్డి గ్రే ట్యాంకులోకి పోతే మూడో రోజుకు పులిసిన కంపు కొడుతుంది. నూనె గట్టిపడి గోడలకు పట్టేస్తుంది. గిన్నెను సింకులో పెట్టేముందు కాగితంతో తుడిచేయండి, కంతకు సన్నని జల్లెడ పెట్టండి, ట్యాప్ వదిలేయకుండా రెండు టబ్బుల్లో కడగండి. 35 గ్యాలన్ల ట్యాంకు ఇద్దరికి ఇలా వాడితే నాలుగైదు రోజులు వస్తుంది, ట్యాప్ తిప్పి వదిలేస్తే రెండు రోజుల్లో నిండుతుంది.

పొయ్యి మీది చిమ్నీ కొన్ని బండ్లలో పొగను బయటికి పంపదు, వడగట్టి గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి వేసేముందే పైకప్పు ఫ్యాన్ వేసి, ఒక కిటికీ రెండంగుళాలు తీసి ఉంచండి. స్మోక్ అలారం మోగుతోందని బ్యాటరీ ఊడదీయడం మాత్రం ప్రాణాలతో ఆట. నేల దగ్గరుండే గ్యాస్ డిటెక్టరూ అంతే.

ఆవిరి సంగతి ఇంకా మొండిది. ప్రొపేన్ మంటే నీటి ఆవిరిని పుట్టిస్తుంది, ఆపైన కుక్కరు, ఇడ్లీ పాత్ర. చలికాలంలో ఈ తడి కిటికీల మీద కారి, పరుపు అడుగున బూజవుతుంది. పరుపు కింద గాలి ఆడే జాలీ వేసి, చిన్న డీహ్యూమిడిఫయర్ పెట్టుకోండి. వాతావరణం బాగుంటే ఇడ్లీ పాత్ర, వేపుళ్లు బయట ఇండక్షన్ స్టవ్ మీదికి మార్చేయండి. ఎలుగుబంట్ల చోట అది కూడదు: యెల్లోస్టోన్‌లోని ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో ఎలుగుల మూలంగా గట్టి గోడలున్న బండ్లనే ఉండనిస్తారు, తిండిని బయట వదిలేయడం నేరం.

ఇడ్లీ పిండి ఇన్‌స్టంట్ పాట్‌లో పెరుగు మోడ్ తక్కువ వేడి మీద చక్కగా పొంగుతుంది. గిన్నెలో సగమే పోయండి. తెల్లారితే బండి కదిలే రోజుకు ముందు రాత్రి మాత్రం పిండి పెట్టవద్దు.

చిరునామా, బీమా, వైద్యం

ఇల్లు లేకపోయినా చట్టానికి ఒక సొంత రాష్ట్రం కావాలి. టెక్సస్, ఫ్లోరిడా, సౌత్ డకోటా మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపన్ను లేదు, ఆర్‌వీవాళ్ల ఉత్తరాలు అందుకుని పంపే సంస్థలూ అక్కడే ఎక్కువ. ఆ సంస్థకు మీ తరఫున ఉత్తరాలు తీసుకునే అధికారం ఇవ్వడానికి పోస్టాఫీసు 1583 ఫారం నోటరీ చేయించి ఇవ్వాలి. మామూలు ఆర్‌వీ బీమా సెలవులకు తిరిగేవారి కోసం. అందులోనే కాపురముంటే ‘ఫుల్ టైమర్’ పాలసీ అడగండి, లేకపోతే మీ గుమ్మం దగ్గర ఎవరైనా జారిపడితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

65 దాటినవారికి, దేశమంతా తిరిగే పక్షంలో, ఒరిజినల్ మెడికేర్‌తో పాటు, అది వదిలేసిన ఖర్చులు భరించే మెడిగ్యాప్ పాలసీ నప్పుతుంది. మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్లు చాలావరకు ఒక ప్రాంతపు డాక్టర్లకే పరిమితం. పార్ట్ బీ (మెడికేర్‌లో డాక్టరు ఖర్చుల భాగం) మొదలైన ఆరు నెలల్లోపు మెడిగ్యాప్ తీసుకుంటే జబ్బుల గురించి అడగకుండా ఇస్తారు. తర్వాత చాలా రాష్ట్రాల్లో తిరస్కరించవచ్చు. పిల్లల ద్వారా గ్రీన్ కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులు ఇక్కడ పొరబడతారు. పని చరిత్ర లేకపోతే వరుసగా ఐదేళ్లు ఇక్కడ నివసించాకే మెడికేర్ కొనుక్కునే వీలుంటుంది.

దారి

62 నిండిన పౌరులు, గ్రీన్ కార్డుదారులు 80 డాలర్లు కట్టి నేషనల్ పార్కుల జీవితకాలపు సీనియర్ పాస్ తీసుకోవచ్చు. చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధరే పడుతుంది. పేరున్న పార్కుల్లో చాలావాటికి బుకింగ్ ఆరు నెలల ముందే తెరుస్తారు, ఆ ఉదయం నిమిషాల్లో నిండిపోతుంది. ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ బీఎల్ఎం భూముల్లో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులు ఉచితంగా ఉండవచ్చు. చలికాలమంతా ఒకేచోట ఉండాలంటే ఆరిజోనా క్వార్ట్‌జైట్‌లో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రుసుము కట్టి ఉండే స్థలాలున్నాయి.

రోజుకు 250 మైళ్లు చాలు, మూడింటికల్లా దిగిపోవాలి. చీకట్లో వెనక్కి పెట్టడం అనుభవజ్ఞులు కూడా చేయరు.

బండి ఎత్తు నేల నుంచి ఏసీ పైభాగం దాకా కొలిచి స్టీరింగ్ ఎదురుగా అంటించండి. ఫోన్ మ్యాపులు కారు అనుకుని దారి చూపిస్తాయి. న్యూయార్క్ పార్క్‌వేల మీద రాతి వంతెనలు తక్కువ ఎత్తులో ఉంటాయి, అక్కడికి ఆర్‌వీ వెళ్లనేకూడదు. బాల్టిమోర్ రేవు కింది సొరంగాల్లో 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్లను అనుమతించరు. ఆ రేవు మీది కీ బ్రిడ్జ్ 2024లో కూలిపోయింది కాబట్టి, ఎడిసన్ నుంచి వర్జీనియా వైపు వెళ్లేవారు 695 రింగు రోడ్డు పడమటి భాగమే పట్టాలి. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి కొండవాలు మీద ఉంది. బండిని ఆర్‌వీ పార్కులో వదిలి కారులో వెళ్లి దర్శనం చేసుకోండి.

ఇండియా వెళ్లేటప్పుడు

రెండు మూడు నెలలు బండిని వదిలేముందు బియ్యం, పప్పులు, పిండి ఒక్క గింజ కూడా మిగల్చకండి. ఎలుక దూరితే వైర్లు కొరుకుతుంది. గొట్టాలు నేలలోంచి వచ్చే కంతలన్నీ స్టీల్ ఊలుతో కూరండి. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు తెరిచి ఉంచాలి, ప్రొపేన్ కట్టేయాలి, ట్యాంకులు కడిగి ఖాళీ చేయాలి, లిథియం సగం చార్జ్‌లో ఉండగా కనెక్షన్ తీసేయాలి. గడ్డకట్టే ఊరైతే వాటర్ హీటర్‌ను బైపాస్ చేశాకే నీళ్ల పైపుల్లోకి గులాబీ రంగు ఆర్‌వీ యాంటీఫ్రీజ్ ఎక్కించండి. మరిచిపోతే హీటరే ఆరు గ్యాలన్లు మింగేస్తుంది.

మెడికేర్ ఇండియాలో చెల్లదు. మెడిగ్యాప్ జీ, ఎన్ లాంటి ప్లాన్లు ప్రయాణం మొదటి 60 రోజుల్లో వచ్చే అత్యవసరాలకు, 250 డాలర్ల డిడక్టిబుల్ పోను 80 శాతం ఇస్తాయి, జీవితకాలానికి 50,000 డాలర్ల హద్దుతో.

తిరిగొచ్చాక 15 గ్యాలన్లకు పావు కప్పు చొప్పున సెంటు కలపని బ్లీచ్ కలిపి, ప్రతి ట్యాప్‌లోనూ బ్లీచ్ వాసన తగిలేదాకా తిప్పి, పన్నెండు గంటలు ఉంచి, బాగా కడిగి వదిలేయండి. గ్యాస్ అతుకుల మీద సబ్బు నీళ్లు రాసి బుడగలొస్తున్నాయేమో చూడండి. టైర్లలో గాలి సరిచేసి, రెండు రోజులు అక్కడే ప్లగ్ పెట్టుకుని ఉండి, మూడో రోజు కదలండి. ఆ మొదటి మజిలీ వంద మైళ్ల లోపే ఉండేలా చూసుకోండి.