నడివయసు వెలితి: రాజీనామా రాసేముందు చేయాల్సినవి

హనుమకొండలో నేను కౌన్సెలింగ్ చేస్తాను. నలభై అయిదు దాటినవాళ్లు నా ముందు కూర్చుని ఎక్కువగా అనేది ఇదే: "అన్నీ ఉన్నయి మేడమ్, మనసు మాత్రం దేనిమీదా నిలవట్లేదు." ఇంటి లోను తీరుతుంది, అమ్మాయి హాస్టల్‌కి వెళ్తుంది, నాన్న మంచాన పడతాడు. రాత్రి మూడింటికే మెలకువ.

ముందు రక్తపరీక్ష చేయించండి. థైరాయిడ్, షుగర్, హిమోగ్లోబిన్, బి12 చూపించాలి. ఆడవాళ్లకైతే నెలసరి ఆగడానికి ముందు కొన్నేళ్లు హార్మోన్ల మార్పువల్లే నిద్ర చెడుతుంది, ఊరికే ఏడుపొస్తుంది. గైనకాలజిస్టుని అడగకుండా అదంతా మనసు మీదికి తోసేయకండి.

1965లో ఈ దశకు మిడ్‌లైఫ్ క్రైసిస్ అని పేరు పెట్టినవాడు ఎలియట్ జాక్స్ అనే మానసిక విశ్లేషకుడు. తానూ చనిపోతానన్నది మొదటిసారి నిజంగా తెలిసొచ్చే వయసు ఇదని ఆయన వాదన. ఇది అందరికీ వచ్చి తీరేదేమీ కాదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వచ్చినవాళ్లలో మాత్రం నాకు కనిపించేది దుఃఖమే. దాన్ని దుఃఖమని గుర్తించక, ఉద్యోగం మీదో భార్య మీదో చిరాకుగా తీసుకుంటారు.

అందుకే ఒక నోట్‌బుక్ తీసుకోమంటాను. ఒక పేజీలో ఇక జరగనివి, ఎదుటి పేజీలో ఇంకా జరగగలిగినవి. తొందర లేదు, వారాలు పట్టనివ్వండి. ఒకావిడ మొదటి పేజీలో "డాక్టరు కాలేకపోయాను" అని రాసి చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు అవసరం. కొన్నాళ్లకు ఎదుటి పేజీలో "రోగుల దగ్గర కూర్చోవడం" అని రాసుకుంది. ఆమెకు కావాల్సింది అదేనట, ఇప్పుడు ఆదివారాలు క్యాన్సర్ రోగుల దగ్గరికి వెళ్తోంది. నడివయసులో మనిషి తర్వాతి తరానికి, తోటివాళ్లకు ఏదో ఒకటి ఇవ్వగలగాలని, లేకపోతే ఉన్నచోటే గడ్డకట్టుకుపోతాడని మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ చెప్పింది ఇలాంటి చోటే నాకు బాగా అర్థమవుతుంది.

పెద్ద నిర్ణయాన్ని ముందు చిన్నగా చేసి చూడండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి సేద్యం చేస్తానన్న ఒకాయనకి, ఎకరం కౌలుకు తీసుకుని ఒక వానాకాలం పంట చూడమన్నాను. నాట్ల రోజు ఫోటో ఎవరైనా దిగుతారు. కలుపు కూలీలు దొరకని రోజు, కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందని వడ్లు మళ్లీ ఆరబోసుకునే రోజు కూడా అక్కడే ఉండాలనిపిస్తే, అప్పుడు ఆలోచించవచ్చు. ఆయన ఉద్యోగంలోనే ఉన్నాడు, కౌలూ వదల్లేదు.

ఇంట్లోవాళ్లు "ఈ వయసులో నీకిదేం రోగం" అనకండి. సలహా కూడా అప్పుడే వద్దు. రాత్రి భోజనాలయ్యాక పక్కన కూర్చుని, చెప్పేదాకా ఆగండి. రెండు వారాలకు మించి నిద్ర, ఆకలి, ఇష్టం అన్నీ పోయినా, తాగుడు పెరిగినా సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. చావు మాట వస్తే ఆ రోజే, మనిషిని ఒంటరిగా వదలకుండా. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. ఏ వేళ చేసినా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.