ఊరి గుడి, మసీదు, చర్చి తరఫున పేద పిల్లలకు సాయంత్రం చదువు చెప్పించడం ఎలా?

మన సీమలో దానగుణానికి కరువు లేదు. అనంతపురం జిల్లా గూగూడులోని కుళ్లాయిస్వామికి హిందువులూ ముస్లింలూ కలిసి మొక్కులు తీర్చుకుంటారు. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ 1947లోనే ఉస్మానియా కళాశాల స్థాపించారు. మతప్రచారకుడిగా మన దేశానికి వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ద్వారా పల్లె పిల్లల చదువుకు జీవితం ధారపోశారు. అంత పెద్ద పని అందరికీ సాధ్యం కాదు. ముప్పై మంది పిల్లలను రోజూ గంటన్నర కూర్చోబెట్టి చదివించడం మాత్రం ఏ ఊరి భక్తులకైనా సాధ్యమే. కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెలను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను.

మొదట ఇల్లిల్లూ తిరగండి

చందాల పుస్తకం తర్వాత తెరవవచ్చు. కూలికి వెళ్లిన తల్లులు ఇల్లు చేరేది పొద్దుగూకాకే కాబట్టి ఏడు దాటాక వెళ్లండి. ఏ పిల్ల బడికి పోతోంది, ఏ పిల్లవాడు గొర్రెల వెంట పోతున్నాడు, సుగ్గికి, అంటే పంట కోతల వలసకు, ఏ కుటుంబం కదులుతుంది, అవ్వ దగ్గర ఎవరు ఉండిపోతారు, ఇవన్నీ రాసుకోండి. మరునాడు బడికి వెళ్లి హెడ్మాస్టరును కలవండి. మీ కేంద్రం బడికి తోడు, పోటీ కాదు. ఆ మాట ఆయనకు ముందే చెబితే సగం చిక్కులు తీరిపోతాయి.

చోటు ఎంచుకునేటప్పుడు పిల్లల కాళ్లు చూడండి

గుడి మండపం విశాలంగానే ఉంటుంది. కానీ మెట్ల దగ్గరే ఆగిపోయే పిల్లలు ఉంటారు. తాతల కాలం నుంచి లోపలికి రానివ్వని ఇంటి బిడ్డ ఆ గడప ఒక్క రోజులో దాటలేదు. చర్చి హాలుకు పంపడానికి ఇంకొక తల్లి జంకుతుంది. అందుకే బడి వరండాయే మేలని నా అభిప్రాయం. హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ ఒప్పుకుంటే చాలు. ఖర్చు మీ గుడో, మసీదో, చర్చో పెట్టనివ్వండి, చదువుకు మాత్రం మతం షరతు పెట్టకండి. ప్రార్థనకు రావాలనీ, భజనలో కూర్చోవాలనీ, పలక పంచుతూ ఫొటో దిగాలనీ పిల్లలను అడగవద్దు. ఈ ఒక్క విషయంలో రాజీ పడితే మిగతా మంచి అంతా చెడుతుంది.

డబ్బు

ముస్లింలు తమ సంపదలోంచి జకాత్‌గా ఇచ్చే రెండున్నర శాతం, చర్చిలో ఇచ్చే దశమభాగం, గుడి భక్తుల విరాళాలు, దేని లెక్క దానికి వేరుగా రాయండి. జకాత్ ఎవరికి చేరాలో నియమాలున్నాయి, దాన్ని గోడలకూ రంగులకూ వాడకూడదు. పేద పిల్లల పుస్తకాలకూ బట్టలకూ నేరుగా వాడే ముందు ఇమామును అడగండి. ఏడుగురు కలిస్తే 2001 నాటి రాష్ట్ర సొసైటీల చట్టం కింద సంఘం నమోదు చేసుకోవచ్చు. బ్యాంకు ఖాతాకు ఇద్దరి సంతకాలు ఉండాలి. కువైట్‌లో పనిచేసే మన ఊరి వ్యక్తి, భారత పౌరుడిగా తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరులో, సంస్థలో ఇస్తామంటే ప్రత్యేక అనుమతి లేకుండా పైసా కూడా తీసుకోకండి. నెలకొకసారి ఖర్చు వివరం బోర్డు మీద రాయండి.

చదువు

తరగతిని బట్టి కాదు, చదవగలిగిన దాన్ని బట్టి కూర్చోబెట్టండి. ఐదో తరగతి పాప చేతికి ఒక పేరా ఇవ్వండి. ‘అమ్మ’, ‘బడి’ గబగబా చదువుతుంది. ‘విశ్వాసం’ దగ్గర వేలు ఆగిపోతుంది. ‘వి’ అంటుంది, ‘శ’ అంటుంది, కింద ఉన్న వత్తును వేలితో మెల్లగా తడుముతుంది, తర్వాత మీ ముఖం చూస్తుంది. అప్పుడు కోప్పడితే రేపు రాదు. వారానికి రెండు వత్తులు నేర్పండి, వాటితో పది మాటలు రాయించండి. ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయికి నెలకు కొంత గౌరవ వేతనం ఇచ్చి నియమించండి. ఉచిత సేవ రెండు నెలల్లో అలసిపోతుంది. పాఠం మొదలయ్యేలోపు గుప్పెడు గుగ్గిళ్లో, ఉడికించిన వేరుశనగ కాయలో పెట్టండి.

బాగా చదివే పిల్లలను కేంద్ర ప్రభుత్వ వసతి బడులైన నవోదయ విద్యాలయాల ప్రవేశ పరీక్షకు సిద్ధం చేయండి. ఐదో తరగతిలో రాయాలి. లేపాక్షి, బనవాసిలలో ఆ విద్యాలయాలున్నాయి. ప్రభుత్వ బడిలో ఎనిమిది చదివేవారికి ఎన్ఎంఎంఎస్ అనే ఉపకార వేతన పరీక్ష ఉంది. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

రక్షణ

పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి, అందులో ఒకరు మహిళ కావాలి. చీకటి పడ్డాక ఆడపిల్లలను గుంపుగా ఇంటిదాకా దిగబెట్టాలి. ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా, పూజారి అయినా పాస్టర్ అయినా, పంచాయతీ పెట్టి సర్దుబాటు చేయకూడదు. పిల్లలపై లైంగిక నేరాలు జరిగితే 2012 నాటి పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పి తీరాలి.

సుగ్గి నెలలు

పత్తి తీతలకు, మిరప కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు కదిలినప్పుడే చదువు తెగిపోతుంది. మీ ఏడాది శ్రమ నిలిచేదీ పోయేదీ ఇక్కడే. లారీ కదిలాక చేసేదేమీ ఉండదు, కాబట్టి దసరా నాటికే జాబితా పట్టుకుని మండల విద్యాధికారి దగ్గరకు వెళ్లి సీజనల్ హాస్టల్ అడగండి. అది దొరక్కపోతే అవ్వల దగ్గర ఉండే పిల్లలకు రాత్రి భోజనం మీరే చూడండి. ఉండమని తల్లిని బలవంతపెట్టకండి. బిడ్డ అన్నం తింటోందో లేదోనన్న బెంగతోనే ఆమె వెంట తీసుకుపోతుంది, ఆ బెంగ తీర్చండి. ఎంత చేసినా కొందరు వెళతారు. వారి చేతికి ఒక నోటు పుస్తకం, టీచరు ఫోను నంబరు ఇచ్చి పంపండి. తిరిగి వచ్చిన రోజు వెనక వరుసలో కూర్చోబెట్టకండి. వెళ్లేనాడు ఏ పేజీలో ఆపారో అదే పేజీ తెరిచి పక్కన కూర్చోండి.