మష్రూమ్ క్రీమ్ పాస్తా: స్టవ్ వెలిగించే ముందు జాగ్రత్తలు

- తినేవాళ్లలో ఎవరికైనా పాలు, గోధుమ పడవేమో ముందే అడగండి.

- పుట్టగొడుగులు జిగురుగా ఉన్నా, వాసన తేడాగా ఉన్నా పారేయండి. బయట మొలిచినవి కోసుకొచ్చి వండొద్దు. చాలా విషపు రకాల్లో విషం ఉడికించినా పోదు.

- పుట్టగొడుగుల్ని నీళ్లలో నానబెట్టకండి. చప్పున కడిగి, గుడ్డతో బాగా తుడవండి. వెడల్పాటి పెనం తీసుకోండి. రుచంతా ఈ వేపుడులోనే ఉంది, ఇక్కడ తొందర పనికిరాదు. ఒకేసారి అన్నీ కుమ్మరిస్తే నీరు ఊరి ఉడికిపోతాయి తప్ప వేగవు. రెండు వాయిలుగా, పెద్ద మంట మీద వేయించండి. రంగు వచ్చాకే ఉప్పు.

- 100 గ్రాముల పాస్తాకు లీటరు నీళ్లు, 10 గ్రాముల ఉప్పు. ప్యాకెట్ మీద రాసినదానికన్నా ఒక నిమిషం ముందే దించండి, సాస్‌లో మిగతాది ఉడుకుతుంది. వార్చే ముందు ఒక కప్పు గంజి తీసి పెట్టుకోవడం మాత్రం మరవద్దు. సాస్ బిగుసుకుంటే అదే దిక్కు.

- క్రీమ్ ఫ్రిజ్‌లోంచి ముందే తీయండి. కొవ్వు తక్కువ రకం సులువుగా విరుగుతుంది. క్రీమ్ పోశాక సన్న మంటే, తెర్లనివ్వొద్దు. నిమ్మరసం పిండాలంటే స్టవ్ కట్టేశాకే.

- చీజ్‌లో ఉప్పుంటుంది, రుచి చూసి వేయండి.

- మిగిలితే రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి.