వానాకాలంలో మడత గుడ్డ బాక్సులు
పర్లాకిమిడి, బరంపురం వైపు వానలు పట్టాయంటే బట్టలు సర్దుకునే ఈ మడిచిపెట్టే గుడ్డ బాక్సులకు మొదటి శత్రువు చెమ్మే. పైకి గుడ్డే కానీ చాలావాటికి లోపల ఉండేది అట్ట. తడి పీలిస్తే మెత్తబడి వంగిపోతుంది. నేల మీద పెట్టొద్దు, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచండి.

విప్పగానే అడుగు అట్టను నాలుగు మూలలా నొక్కి కూర్చోబెట్టాలి. అది పైకి లేస్తే పక్కలు నిలబడవు. బరువైన దుప్పట్లు అడుగున, తువ్వాళ్లు పైన. బాక్సులను ఒకదానిమీద ఒకటి రెండింటికి మించి పేరిస్తే కిందది కుంగుతుంది.

ఇస్త్రీ వేడి చల్లారాకే సర్దండి. బరంపురం పట్టుచీరైతే పాత నూలు పంచెలో చుట్టి, మూడు నెలలకోసారి మడత మార్చండి. లేదంటే జరీ మడత దగ్గరే విరుగుతుంది. కలరా ఉండలు జరీకి తగలనివ్వొద్దు. బాక్సు మురికైతే తడిగుడ్డతో తుడవడమే. మెషీన్‌లో వేశారో, అట్ట ముద్దే!