బాల్ లోపలికి రాదు, వస్తే కదలదు, కదిలితే గోల్‌లో పడదు

ఫస్ట్ టెక్ చాలెంజ్ అంటే బడి పిల్లలు జట్లుగా రోబోలు కట్టి ఆడే పోటీ. అందులో 2025-26 సీజన్ ఆట పేరు డీకోడ్. ఊదా, ఆకుపచ్చ రంగుల్లో 5 అంగుళాల ప్లాస్టిక్ బాల్స్, వాటి నిండా చిల్లులు. నేల మీద ఉన్నవాటిని రోబో ఏరుకోవాలి, మూడుకు మించి దగ్గర ఉంచుకోకూడదు, మూలనున్న గోల్‌లోకి విసరాలి. రోబో మొదట్లో 18 అంగుళాల పెట్టెలో ఇమడాలి. మా గ్యారేజ్‌లో ఏడుగురు పిల్లలు నెలల తరబడి దీంతో కుస్తీ పట్టారు. నేను మెంటర్‌ని, అంటే టీ పెట్టేవాణ్ణి, మధ్యమధ్యలో అడ్డు ప్రశ్నలు వేసేవాణ్ణి. మాకు ఎదురైన తిప్పలు, వాటి అసలు కారణాలు ఇవీ.

రెండో బాల్ రాగానే రెండూ ఇరుక్కుంటున్నాయి

అందరికీ వచ్చేదీ, అందరూ తప్పుగా సరిచేసేదీ ఇదే. "అంకుల్, మోటార్‌కి బలం చాలట్లేదు, ఇంకా పెద్ద గేర్‌బాక్స్ పెడదాం" అన్నారు పిల్లలు. పెట్టారు. బాల్ కదల్లేదు, బాల్స్‌ని లోపలికి లాక్కెళ్లే బెల్ట్ మాత్రం తెగింది.

వంటింట్లో చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పీట మీద ఒక లడ్డూ పెట్టి, పైన అరచెయ్యి ఆనించి ముందుకు దొర్లించండి. చెయ్యి జానెడు జరిగితే లడ్డూ అర జానెడే జరుగుతుంది. ఈ 'సగం' గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది. ఇప్పుడు రెండు లడ్డూలు ఒకదానికొకటి తగిలేలా పెట్టి, ఒకే చేత్తో దొర్లించండి. రెండూ ఒకే వైపు తిరుగుతాయి. కానీ అవి తగిలే చోట వెనకదాని ముఖం కిందికి, ముందుదాని వీపు పైకి పోతుంటాయి. అక్కడ రాసుకుని పొడి రాలుతుంది. రోబోలో పొడి రాలదు, వెనక బాల్ ముందుదాని మీదికి ఎక్కబోయి బిగుసుకుపోతుంది. మోటార్ బలం పెంచితే ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది.

అంటే ఒకవైపు బెల్ట్, రెండోవైపు కదలని పలక ఉంటే బాల్స్ దొర్లుతాయి, దొర్లితే రాసుకుంటాయి. అవి దొర్లకుండా జారితే గొడవ లేదు.

ముందు చవక మార్గం చూడండి: కదలని పలక మీద జారుడు టేప్ అంటించండి. ఆ వైపు పట్టు తగ్గితే బాల్ తిరగడం మానేసి బెల్ట్‌తోపాటే నడుస్తుంది. మాకు నూటికి ఎనభై వంతులు దీంతోనే నయమైంది. అప్పటికీ ఇరుక్కుంటే రెండు వైపులా ఒకే వేగంతో తిరిగే బెల్ట్‌లు పెట్టాలి. చోటు తింటుంది, కానీ ఖాయంగా పనిచేస్తుంది. మూడో దారి, బాల్స్ అసలు తగలకుండా ఒక్కోదానికీ విడిగా రోలర్ పెట్టడం. దానికి మోటార్లు ఎక్కువ కావాలి, నిబంధనల ప్రకారం మనకు ఉండేవి ఎనిమిదే. నేనైతే అటు పోను.

ఇంకో మాట. ఈ బాల్ గట్టిది, పెద్దగా నొక్కుకోదు. నొక్కుకోవాల్సింది చక్రమే. గట్టి చక్రం వాడి, చక్రానికీ పలకకీ మధ్య ఖాళీ ఒకట్రెండు మిల్లీమీటర్లు తప్పితే చాలు, పట్టు దొరకదు, లేదంటే మోటార్ ఆగిపోతుంది. మెత్తటి రబ్బరు చక్రాలు వేసి, బాల్ వాటిని 5, 6 మిల్లీమీటర్లు లోపలికి నొక్కేలా అమర్చాక మాకు ఆ టెన్షన్ పోయింది.

రోబో దగ్గరికి వెళ్తే బాల్ ముందుకు పారిపోతోంది

స్కేలు తీయండి. బాల్ వ్యాసం 127 మిల్లీమీటర్లు, నడిమి ఎత్తు 63 పైచిలుకు. బాల్‌ని లోపలికి లాగాల్సిన రోలర్ దాని నడుముకు దగ్గరగా తగిలితే లాగదు, తంతుంది. బాల్ నెత్తికి కాస్త ముందుగా తగలాలి. రోలర్ అడుగు నేల నుంచి సుమారు 115, 120 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటే సరిపోతుంది. రోలర్ కంటే ముందు రోబో పక్క పలకలు బాల్‌ని తాకుతున్నాయేమో కూడా చూడండి, మాకు ఒకసారి అదే జరిగింది.

మొదటి బాల్ గోల్‌లో, మిగతా రెండూ గోల్‌కి ముందే పడుతున్నాయి

విసిరే చక్రం ప్రతి బాల్‌కీ కొంత వేగం పోగొట్టుకుంటుంది. అది తేరుకోకముందే రెండోది వెళ్లి తగులుతోంది. చక్రం వేగాన్ని గ్రాఫ్‌గా గీయించండి, ప్రతి బాల్‌కీ ఒక గుంట కనిపిస్తుంది.

చాలామంది కోడ్‌లో పవర్ ఇంత అని రాసి వదిలేస్తారు. పవర్ అంటే బ్యాటరీ ఓల్టేజీలో వాటా మాత్రమే. బ్యాటరీ దిగితే వేగమూ దిగుతుంది. ఉదయం గోల్‌లో పడినవి మధ్యాహ్నానికి పడకపోవడానికి కారణం అదే. కాబట్టి వేగాన్నే అడగండి. గేర్ లేని 6000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మోటార్‌కి ఎన్‌కోడర్, అంటే తిరుగుడు లెక్కపెట్టే సెన్సర్, చుట్టుకు 28 టిక్‌లు ఇస్తుంది, అంటే సెకనుకు 2800 టిక్‌లు. పీఐడీఎఫ్ అంటే మోటార్ వేగాన్ని అదుపులో ఉంచే లెక్క, పీ, ఐ, డీ, ఎఫ్ అందులో మనం సరిచేసే అంకెలు. ముందు ఎఫ్ సరిచేయండి: 32767ని (పూర్తి పవర్‌కి కంట్రోలర్ వాడే అంకె) గరిష్ఠ వేగంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్. 2800కి 11.7 వస్తుంది. మీ మోటార్ చక్రంతో కలిపి 2600 మాత్రమే తిరిగితే 12.6. కాగితం మీది లెక్క కాదు, కొలిచిన అంకె వాడండి. తర్వాత పీ కొంచెం కొంచెంగా పెంచండి. ఐ జోలికి మేం పోలేదు. గరిష్ఠ వేగంలో 80 శాతం లోపే లక్ష్యం పెట్టుకుంటే తేరుకోవడానికి చోటుంటుంది. వేగం లక్ష్యానికి 50 టిక్‌ల దగ్గరికి వచ్చేదాకా బాల్‌ని వదలని చిన్న గేటు పెట్టండి.

బరువైన చక్రం వేస్తే గుంట తగ్గుతుంది, కానీ వేగం అందుకోవడానికి ఎక్కువసేపు పడుతుంది.

ఇక్కడే ఆ లడ్డూ మళ్లీ వస్తుంది. ఒక చక్రం, ఎదురుగా కదలని వంపు పలక ఉంటే బాల్ చక్రం అంచు వేగంలో సగంతోనే బయటికొస్తుంది. 96 మిల్లీమీటర్ల చక్రం 3600 ఆర్‌పీఎంతో తిరిగితే అంచు వేగం సెకనుకు 18 మీటర్లు, బాల్‌ది 9. జారుడు వల్ల నిజంలో ఇంకా తక్కువే. మా పిల్లలు 18 అనుకుని లెక్క కట్టారు. బాల్ గోల్ గోడకి కొట్టుకుని వెనక్కి వచ్చింది.

రంగు తప్పు చెబుతోంది, కొన్నిసార్లు బాలే లేదంటోంది

బాల్ రంగు చూసే సెన్సర్ కన్ను సరిగ్గా చిల్లుకి ఎదురుగా పడింది. కోడ్‌లో తప్పేమీ లేదు. కాస్త ఎడంగా రెండో సెన్సర్ పెట్టి, రెండింట్లో ఏది దగ్గరగా చూస్తే దాని మాట నమ్మండి. మూడోది లోపలికి వచ్చిందని తెలియగానే ఇన్‌టేక్ (బాల్స్‌ని లోపలికి లాగే భాగం) వెనక్కి తిరిగేలా రాస్తే నాలుగో బాల్ పెనాల్టీ కూడా తప్పుతుంది.

విసరబోతుంటే రోబో ఒక్క క్షణం చచ్చి లేస్తోంది

కోడ్ చూసే ముందు బ్యాటరీ వైరు పట్టుకుని ఊపండి. కనెక్టర్ వదులైతే అక్కడే దొరికిపోతుంది. అది గట్టిగానే ఉంటే, డ్రైవ్ (రోబోని నడిపే మోటార్లు), ఇన్‌టేక్, విసిరే చక్రం మూడూ ఒకేసారి సున్నా నుంచి మొదలవుతున్నాయేమో చూడండి. విసిరే చక్రాన్ని ఆపకుండా సగం వేగంతో తిప్పుతూ ఉంచితే బ్యాటరీ మీద ఆ కుదుపు తగ్గుతుంది.

అన్నీ ఎడమవైపే పోతున్నాయి

చక్రం వంకరా, ఇరుసు వంగిందా, కెమెరా తప్పు చూపుతోందా అని రెండు వారాలు వెతికారు. చివరికి మా అమ్మాయి ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లో మోషన్ తీసింది. బాల్ బయటికి పోతూ పోతూ ఎడమ పలక దగ్గర దేనికో తగిలి తల తిప్పుకుంటోంది. దగ్గరికెళ్లి చూస్తే వైర్లు కట్టిన జిప్ టై తోక, అర అంగుళం బయటికి పొడుచుకుని ఉంది. కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించి, ఆ రాత్రే నలభై బాల్స్ విసిరి చూసుకున్నారు.