హోమ్ నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు ఎదురైతే: బెజవాడలో మొదటి 24 గంటలు

విజయవాడ జంక్షన్‌లోనో, పండిట్ నెహ్రూ బస్టాండులోనో ఒంటరిగా కనబడే పిల్లలందరూ ఇంట్లో అలిగి వచ్చినవాళ్లు కారు. పెంపకానికి ఇచ్చిన ఇంట్లోనో (ఫోస్టర్ కుటుంబం), దిక్కులేని పిల్లల్ని ఉంచే హోమ్‌లోనో దెబ్బలకు తాళలేక వచ్చేసినవాళ్లూ ఉంటారు. వీళ్లను పట్టుకెళ్లి అక్కడే అప్పగిస్తే దెబ్బలు ఇంకా ఎక్కువవుతాయి, ఈసారి ఇంకా దూరం పారిపోతారు. అందుకే పిల్ల చెప్పిన కారణం కాగితం మీదికి ఎక్కేదాకా ఆ ఇంటికి ఫోన్ చేయొద్దు.

ముందు నీళ్లు, టిఫిను. నలుగురూ కనబడే చోటే కూర్చోబెట్టండి, గదిలోకి తీసుకెళ్లొద్దు. "ఎందుకు పారిపోయొచ్చావ్?" అంటే తప్పు చేశామనుకుని నోరు మూసుకుంటారు. "ఎక్కడన్నా నొప్పిగా ఉందా? ఎవరంటే భయం?" ఈ రెండూ అడిగితే చాలు. గుచ్చి గుచ్చి అడగొద్దు. పదిమందికి పదిసార్లు చెప్పిస్తే మాటలో తేడాలొస్తాయి, రేపు కోర్టులో అవతలి లాయరు వాటినే పట్టుకుంటాడు. విన్నది వాళ్ల మాటల్లోనే, టైము వేసి రాయండి. "బెల్టుతో కొట్టాడు" అంటే అదే రాయాలి గానీ "శారీరక హింస" అని మార్చకూడదు. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు, "సాయం చేసేవాళ్లకే చెబుతా" అనండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం నేరం.

ఆ తర్వాత పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. రాత్రీపగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. రైల్వే స్టేషన్లో ఉంటే ఆర్పీఎఫ్‌కి (రైల్వే రక్షక దళం) గానీ రైల్వే హెల్ప్‌లైన్ 139కి గానీ చెప్పండి. ప్రాణభయం ఉంటే ఎమర్జెన్సీ నంబరు 112. జాలిపడి ఇంటికి తీసుకెళ్లి ఉంచేసుకోవద్దు. ఎవరికీ తెలియజేయకపోతే బాలల న్యాయ చట్టం కింద ఆరు నెలల దాకా జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పైగా ఆ హోమ్ వాళ్లే మీమీద కిడ్నాప్ కేసు పెట్టొచ్చు.

లైంగిక హింస జరిగిందన్న అనుమానం ఉంటే స్నానం చేయించొద్దు. బట్టలు మార్చక తప్పకపోతే విప్పినవి కాగితం సంచిలో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో చెమ్మకి ఆధారాలు పాడవుతాయి. ఆసుపత్రిలో వైద్యానికి ఎఫ్ఐఆర్ ముందే ఉండాలన్న నిబంధన లేదు. ఆడపిల్లను లేడీ డాక్టరే చూడాలి. పోలీసులు యూనిఫాం లేకుండా వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి, రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. "గుంటూరు హోమ్ కదా, అక్కడికే వెళ్లండి" అంటే ఒప్పుకోవద్దు, నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్లోనైనా ఎఫ్ఐఆర్ రాయాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు.

ప్రయాణం టైము తీసేస్తే 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ (పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే కమిటీ) ముందు హాజరుపరచాలి. కమిటీ కూర్చోని రోజైతే ఒక్క సభ్యుడి దగ్గరికైనా తీసుకెళ్లొచ్చు. పని చెడేది సాధారణంగా ఇక్కడికి చేరేలోపే. వార్డెన్ కాగితాలు పట్టుకుని వస్తాడు, "దొంగతనం చేసి పారిపోయాడండీ" అంటాడు, విసిగిపోయినవాళ్లు సంతకం పెట్టించుకుని పంపేస్తారు. కమిటీ ఉత్తర్వు లేకుండా పంపొద్దని గట్టిగా చెప్పండి. పిల్ల మాట్లాడేటప్పుడు హోమ్ వాళ్లు ఆ గదిలో ఉండకూడదనీ, విచారణ అయ్యేదాకా అక్కడికి తిరిగి పంపవద్దనీ కమిటీకి రాతపూర్వకంగా ఇవ్వండి. పిల్ల పరిస్థితుల మీద జరిగే సామాజిక విచారణ 15 రోజుల్లో పూర్తి కావాలి. హోమ్ సిబ్బందే హింసించారని తేలితే అయిదేళ్ల దాకా శిక్ష ఉంది. ఫోస్టర్ కుటుంబాలనైతే కమిటీ నెలనెలా తనిఖీ చేయాలి, ఆ రిపోర్టులు ఉన్నాయా అని అడగండి.

ఇది చదువుతున్నది అలాంటి చోట ఉన్న పిల్లలే అయితే: రైలెక్కకముందే టీచరు ఫోన్ నుంచో, పక్కింటి ఫోన్ నుంచో 1098కి చేయండి. కమిటీ దగ్గరికి మీ అంతట మీరే వెళ్లే హక్కు మీకు చట్టం ఇచ్చింది. అక్కడ మిగిలిపోయిన ఆధార్, స్టడీ సర్టిఫికెట్ల కోసం వెనక్కి వెళ్లకండి, తెప్పించి ఇమ్మని కమిటీనే అడగండి.